ఏడు ఊటల దగ్గర ముప్పై నిమిషాలు

దిగిన ఏడు 61, మూడో చలి, 11వ రోజు. తెల్లవారుజామున.

పనులు: మంచు కరిగించి నీళ్లు పట్టడం, రెండు బిందెలు. కుంపటి బూడిద ఎత్తడం. మక్క గటక ఒక గిన్నె, ఎండుమిర్చి కారం ఒక చిప్ప. ముక్కుతొడుగుల్లో జల్లెడలు మార్చి పాతవి విరిచి పారేయడం, నాలుగు. ఓదెలు వీపు చరచడం, రెండు వందల దెబ్బలు. ఐలవ్వ మోకాళ్లకు గుడ్డ కట్టడం. మొత్తం ఆరు పనులు. ఏదీ మిగల్లేదు.

తిన్నవాళ్లు: నేను, అంటే కనకవ్వ. నా భర్త ఓదెలు. పక్క గది ఐలవ్వ. సర్దార్ మొగిలి. నలుగురు. ఇది ముప్పయ్యో రోజు.

ఈ రోజు ఊటల శాఖ వాళ్ల ప్రయాణం. మేము కాపురముండే నాలుగో గొట్టానికి మూడేళ్లకు ఒకసారి వంతు వస్తుంది. బండి ఎక్కించి, మూడు వింతలు చూపించి, చివరకు ఏడు ఊటల దగ్గర దింపుతారు. అక్కడ మనిషికి పది నిమిషాల వేడినీళ్లు. ఒక కుంపటి మనుషులు తమ నిమిషాలన్నీ ఒకరికే ఇచ్చుకోవచ్చు. కుంపటి మనిషి అంటే ముప్పై రోజులు వరసగా ఆ కుంపటి మీద వండింది తిన్న మనిషి. ఈ మంచునేల మీద దిగిన మొదటి చలిలో జనం అట్లాగే బతికారని, అప్పటి నుంచి చట్టం అదేనని అంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారన్నది లెక్కలోకి రాదు. ఈ పుస్తకం లెక్కలోకి వస్తుంది. ఎడమ గడిలో తిన్నవాళ్ల పేర్లు రాయాలి. కుడి గడి ఖాళీగా ఉంటుంది కాబట్టి నా మాటలు రాసుకుంటాను.

ఓదెలుకు ముప్పై నిమిషాలు కావాలి. గని సుద్ద అతని ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. ఊట నీళ్లలో మెడ దాకా కూర్చుని ఆవిరి పీలిస్తే ముప్పై నిమిషాలకు అది మెత్తబడి దగ్గులో బయటికి వస్తుందని డాక్టర్ చెప్పాడు. మధ్యలో లేస్తే మెత్తబడింది మళ్లీ బిగుసుకుంటుంది, ముందుకన్నా గట్టిగా. అట్లా లేచినవాళ్లు వారం బతకలేదు. అసలు వెళ్లకపోతే వచ్చే వంతు దాకా ఉండడు.

నాది పది, ఓదెలుది పది, ఐలవ్వది పది. సరిగ్గా ముప్పై. కానీ గైడ్లు దారి పొడుగునా కోతలు వేస్తారు. అందుకని నాలుగో మనిషి కావలసి వచ్చింది. మా గొట్టంలో అందరూ ఏదో ఒక కుంపటికి చెందినవాళ్లే. ఎవరూ చేరనివ్వని మనిషి మొగిలి ఒక్కడే.

ఓదెలు పనిచేసిన గనికి మొగిలి సర్దార్, అంటే పని చేయించే మేస్త్రి. ముక్కుతొడుగులో సుద్దను ఆపే జల్లెడ ఒక షిఫ్టుకు వాడి పారేయాలి. ఇతను వాడినవాటిని కడిగి ఆరబెట్టి రెండేళ్లు అవే తిరగేసి ఇచ్చాడు. సామాను మిగిల్చినందుకు అతనికి శాలువా కప్పారు. పదకొండు మంది సుద్ద పట్టి పోయాక కొలువు పీకేశారు. అప్పటి నుంచి క్యాంటీన్‌లో చల్లారిన తిండి తింటున్నాడు. నేనే వెళ్లి పిలిచాను. నా చేత్తో వడ్డించాను. రోజూ వడ్డించిన తర్వాత గరిటెను బూడిదతో రెండుసార్లు తోమాను.

వడ్డించింది ఇరవై తొమ్మిది రోజులు. పంతొమ్మిదో రోజు వడ్డించలేదు. ఓదెలు మొదటిసారి నెత్తురు దగ్గి ఆ రోజుకు ఏడాది. మొగిలి గిన్నె పట్టుకుని వచ్చి నిలబడితే తలుపు తీయలేదు. ఎడమ గడిలో మూడు పేర్లే రాశాను. జరిగినది జరిగినట్టు రాయడం తప్ప నాకు మరో రకంగా చేతకాదు. ఇప్పుడు దిద్దడానికి లేదు. కొట్టివేత ఉన్న పుస్తకం చెల్లదు. గైడ్లు మొదటి పేజీ, చివరి పేజీ చూసి ముద్ర వేస్తారని ఐలవ్వ అంటుంది. ఆ మాట పట్టుకుని బయల్దేరుతున్నాను.

నిమిషాలు: 40. కావలసినవి: 30.

*

మొదటి చోటు. పలకల లోయ.

గైడు పేరు హైమావతి. నా వయసే ఉంటుంది. మెడలో ఈల, చెవి వెనక ఎర్ర పెన్సిల్. బండిలో ఇరవై మందిమి సర్దుకుని కూర్చోకముందే మొదలుపెట్టింది.

"చూడ్డానికి వచ్చారు, తాకడానికి కాదు. తాకితే రెండు నిమిషాలు. ఆలస్యమైతే ఎంత ఆలస్యమైతే అంత. నోరు జారితే నాలుగు. కోత మనిషి మీద కాదు, కుంపటి మీద."

"నమస్తే అనన్న అనకపాయె," అంది ఐలవ్వ, బండి మొత్తానికి వినిపించేటట్టు.

గైడు పెన్సిల్ తీసి, ఐలవ్వ ముఖం చూసి, మళ్లీ చెవి వెనక పెట్టుకుంది. కోసిన నిమిషాలు శాఖ వాళ్ల ఇళ్లకు పోతాయని మా గొట్టంలో చెప్పుకుంటారు. ఆమె బుగ్గలు చూస్తే నిజమే అనిపించింది. మా ఎవరి బుగ్గలూ అంత ఎర్రగా లేవు.

మొగిలిని వెనక చివరి సీట్లో కూర్చోమన్నాను. అతని పక్క సీటు ఖాళీగా ఉంది, అయినా ఒకాయన నిలబడే వచ్చాడు.

లోయ అంటే నీలం మంచుగోడ. ఎండ తగలగానే గోడలోంచి ఇల్లంత పలక ఊడి కిందికి జారుతుంది. పడిన చాలాసేపటికి చప్పుడు వస్తుంది. నేను తొమ్మిది లెక్కపెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఓదెలు కూడా కొట్టబోయి, దగ్గు రావడంతో ఆపుకున్నాడు.

ఇంతలో ఈల మోగింది. ఐలవ్వ ముక్కుతొడుగు పైకెత్తి ఒక మంచుముక్క నోట్లో వేసుకుంది.

"రెండు," అంది గైడు.

"గింత ముక్కకా? కొండ అరిగిపోయిందా మేడం?"

"అరిగిందో లేదో నాకనవసరం. తాకారు."

"తాకలే. తిన్న. తినుడుకు ఎన్ని నిమిషాలో ముందుగాల చెప్పక పోతివి."

"ఐలవ్వా, నీకు దండం పెడతా, నోరు మూయి," అన్నాను.

"నా పది నిమిషాలు నీ మొగనికే ఇస్తున్న గదా పిల్లా. నాకు ఈ జన్మల వేడినీళ్లు లేవాయె. సల్లటిదన్న నోట్లేసుకోనియ్యవా?"

ముక్కను ఉమ్మేయమంటే నమిలి మింగింది.

నిమిషాలు: 38.

*

రెండో చోటు. ఉప్పు తోట.

తోట అని పేరే. చెట్లు లేవు. నేలలోంచి ఉప్పు స్తంభాలు మనిషెత్తున లేచి, పైన కొమ్మల్లాగా చీలి ఉన్నాయి. గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. బండి ఆగిన చోటు నుంచి పెద్ద స్తంభం దాకా మూడు వందల అడుగులు, తిరిగి మూడు వందలు. ఇరవై నిమిషాల్లో రావాలి. చూడకుండా బండిలో కూర్చోవడానికి లేదు. వింత చూడనివాళ్లకు ఊట లేదు, అదొక నిబంధన.

వెళ్లేటప్పుడు ఓదెలు బాగానే నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి ఇరవై అడుగులకు ఒకసారి ఆగాడు. అతని ఊపిరి మట్టికుండలో ఇసుక పోసి ఊపినట్టు ఉంది. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. ఐలవ్వ మోకాళ్లతో ఆమే నడవలేదు.

మొగిలి వెనక నుంచి వచ్చాడు. "చెల్లె, అటు పక్క నేను పట్టుకుంట. ఇద్దరం అయితే టైముకు పోతం."

"చెల్లె అనకు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"సరే, అన. చెయ్యన్న పట్టుకోనియ్యి."

"నువ్వు పట్టుకున్నకాడికి చాలు. దూరం నడువు."

ఓదెలు ఏదో అనబోయాడు. అతనికి నడకకు, మాటకు కలిపి ఊపిరి సరిపోలేదు. మొగిలి పదడుగులు వెనక్కి తగ్గి, మా వేగానికే నడిచాడు. అతను ముందుకు వెళ్లిపోయినా నాకు అంత కోపం వచ్చేది కాదు.

మూడు నిమిషాలు ఆలస్యం. గైడు మెట్టు మీద నిలబడి గడియారం మా వైపు తిప్పి చూపించింది.

"ఆయన రోగిష్టి మనిషి మేడం, కనిపిస్తలేదా?" అన్నాను.

"కనిపిస్తోంది. పక్కన ఇంకో మనిషి చేతులూపుకుంటూ నడవడం కూడా కనిపించింది. మూడు."

బండి కదిలాక ఐలవ్వ నా చెవి దగ్గరికి వచ్చింది. "నాది రెండు నిమిషాల తప్పు. నీది మూడు నిమిషాల పౌరుషం. ఇగ నన్ను అనకు."

నిమిషాలు: 35.

*

మూడో చోటు. ఈల బిలం.

కొండ అడుగున నోరు తెరిచినట్టున్న గుహ. లోపలి నుంచి గాలి వస్తూ పోతూ ఈల వేస్తుంది. చలి ఎక్కువయ్యేకొద్దీ ఈల లావవుతుందట. ముక్కుతొడుగులు తీయకుండా, మాట్లాడకుండా వరసగా నిలబడి వినాలి. విన్నాం. గుహ కూడా ఓదెలులాగే ఊపిరి తీసుకుంటోందని అనిపించి అక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు.

బండి దగ్గర టీ ఇచ్చారు. గైడు తన గ్లాసు తాగుతూ అందరితో అంది: "ఊటల గేటు దగ్గర పుస్తకాలు పేజీ పేజీ చూస్తాను. పోయిన వంతులో దొంగ పేర్లు దొరికాయి. అందులోనూ గనివాళ్ల కుంపట్లలోనే ఎక్కువ. ఎవరినో నాలుగు రోజులు పిలిచి, ముప్పై రోజులు రాసేస్తారు."

గ్లాసు నా చేతిలోనే ఉంది. టీ ఏ రుచిలో ఉందో తెలియలేదు. పేజీ పేజీ. పంతొమ్మిదో పేజీ.

అప్పుడు నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. భయం పుట్టిన చోటనే కోపం కూడా పుట్టింది.

"గనివాళ్లే దొంగలా మేడం? మీ గొట్టంల బుగ్గలెట్ల ఎర్రగైనయో మాకు తెల్వదా? మాయి కోసిన నిమిషాలల్ల మీ పిల్లలు తానాలు చేస్తలేరా?"

టీ గ్లాసులన్నీ ఆగిపోయాయి. గైడు తన గ్లాసు చివరి దాకా తాగి, బోర్లించి, పెన్సిల్ తీసింది.

"నాకు పిల్లల్లేరమ్మా. నాలుగు."

బండిలో అందరూ నన్ను మెచ్చుకున్నట్టు చూశారు. మెచ్చుకోలుతో సుద్ద కరగదు. ఓదెలు నా వైపు తిరగకుండా కిటికీ అద్దం మీద వేలితో 31 అని రాశాడు. తర్వాత తుడిచేశాడు.

మొగిలి పది తీసేస్తే 21 అవుతుంది. ఇరవై ఒకటితో నీళ్లలోకి దింపితే నేనే చంపినట్టు. దింపకపోతే సుద్ద చంపుతుంది. పేజీ చింపడానికి లేదు, అంకెలు అచ్చువేసి ఉన్నాయి. మూడు పేర్ల కింద నాలుగోది ఇరికించడానికి జాగా ఉంది, కానీ సిరా రంగు పట్టిస్తుంది. మొగిలిని అబద్ధం చెప్పమని అడగాలి. ఆ పని చేయడం కన్నా ఈ పుస్తకాన్ని కుంపట్లో వేసుకోవడం మేలనిపించింది. అయినా లేచి వెనక సీటు దాకా వెళ్లాను. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. అడగకుండానే తిరిగి వచ్చి కూర్చున్నాను.

నిమిషాలు: 31. లేదా 21.

*

నాలుగో చోటు. ఏడు ఊటలు. తిరుగు దారిలో, బండిలో రాస్తున్నాను.

గేటు దగ్గర రాతిబల్ల. గైడు కూర్చుంది. మేము వరసలో నిలబడ్డాం. ఆవిరి గోడల మీద నీళ్లై కారుతోంది. లోపల ఏడు గుంటలు, మెట్లు, కుళ్లిన గుడ్ల వాసన. నా వంతు వచ్చాక పుస్తకం ఇచ్చాను. ఆమె నిజంగానే పేజీ పేజీ తిప్పింది. గబగబా కాదు, వేలు పెట్టి పేర్లు చదువుతూ. నేను ఇంట్లో పప్పులో రాళ్లు ఏరేటప్పుడు అట్లాగే చూస్తాను.

పంతొమ్మిది దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ముగ్గురే ఉన్నారు."

ఆమె కుడి గడి పైకే చదివింది, వరసలో అందరూ వింటుండగా. "'వాడు వచ్చి నిలబడ్డాడు. తలుపు తీయలేదు. నిలబడనీ. ఊపిరి ఆడకపోతే ఎట్లా ఉంటుందో వీడికి తెలియదు, కడుపు ఖాళీగా ఉంటే ఎట్లా ఉంటుందో అయినా తెలియనీ.'"

వరసలో ఎవరో నవ్వారు. నేను మొగిలి వైపు చూడలేదు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేను రాసిందే."

"నిజమేనా?"

"నిజమే."

"అయితే ఈయన మీ కుంపటి మనిషి కాదు. పది పోగా ఇరవై ఒకటి." పెన్సిల్ పేజీ మీదికి దిగుతోంది.

"మేడం," అన్నాడు మొగిలి. "ఆనాడు గూడ నేను ఆ కుంపటిదే తిన్న."

"తలుపు తీయలేదని ఈమే రాసింది."

"తియ్యలే. నేను పద్దెనిమిదో నాటిది తిన్న. నేను రోజు పెట్టినదాంట్ల సగమే తింట. సగం రేపటికి దాస్త. అది గూడ ఈ కుంపటి మీద వండినదే గదా?"

"దానికి రుజువు?"

అతను కోటు లోపలి నుంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తీశాడు. అందులో పొద్దున నేను పెట్టిన గటక. కత్తితో కోసినట్టు సరిగ్గా సగం. పక్కన కారం కూడా సగమే.

నాకు కృతజ్ఞత కలగలేదు. ఆ డబ్బాను ఎత్తి అతని ముఖాన కొట్టాలనిపించింది. జల్లెడలను ఈ పూటకు సగం, రేపటికి సగం అని రెండేళ్లు నడిపినవి ఈ చేతులే. పదకొండు మందిని పాతిపెట్టినా ఆ బుద్ధి మారలేదు. నేను పెట్టిన తిండి మీద కూడా అదే చేశాడు. నా మొగుడి ఊపిరి ఇప్పుడు దాని మీద ఆధారపడింది.

ఐలవ్వ ఊరుకుంటుందా? "కడిగి ఆరేసి దాసుకోలేదా సర్దార్? గటకను గూడ?"

"దాసుడు తప్పయితే దాసుకున్ననే అవ్వా," అన్నాడు మొగిలి. "కొత్త జల్లెడలు రాకపాయె. ఆపితే షిఫ్టు ఆగుతుండె. ఆగితే మీ గొట్టం మొత్తం పస్తులుంటుండె. అప్పుడు నా ఇంటికొచ్చి రాళ్లేస్తుంటిరి. ఇప్పుడు గూడ వేస్తనే ఉన్నరు."

"నీకు శాలువా కప్పిండ్రు గదా. కప్పుకొని పడుకో," అన్నాడు వరసలో ఒకాయన.

"ఆగండి," అంది గైడు. నిబంధనల పుస్తకం తీసి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆ సమయాన్ని లెక్కపెట్టలేదు, ఈ రోజు లెక్కపెట్టనిది అదొక్కటే. "వండిన రోజే తినాలని ఇందులో లేదు. ఆ కుంపటి మీద వండింది తినాలని ఉంది. ఖాళీ గడి ఉన్నప్పుడు ఆ మనిషి సాక్ష్యం సరిపోతుంది, కుంపటి పెద్ద ఒప్పుకుంటే. పెద్ద ఎవరు?"

"నేనే."

"అయితే బూడిద పెట్టి చెప్పండి. అందరూ వినాలి. 'ఈయన మా మనిషి' అనాలి. ఇష్టం లేకపోతే వద్దు. ఇరవై ఒకటి రాస్తాను."

ప్రతి కుంపటి పుస్తకానికీ దారంతో చిన్న బూడిద సంచి కట్టి ఉంటుంది. కొత్తగా పుట్టిన పిల్లలకు, కొత్తగా వచ్చిన కోడళ్లకు ఆ బూడిదతో బొట్టు పెడతాం. నేను ఐదుసార్లు పెట్టాను. ఐదుసార్లూ ఇష్టంగానే పెట్టాను.

ఓదెలు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "వద్దు. వానితోని మనకు వద్దు," అన్నాడు. ఆ నాలుగు మాటలకు మధ్య మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ఆ మూడు ఊపిరులే నాకు సరిపోయాయి. బూడిద తీసి మొగిలి నుదుటికి పెట్టాను. అతను ముక్కుతొడుగు దించి, తల వంచాడు. నెత్తి మీద వెంట్రుకలు సగానికి పైగా ఊడిపోయి ఉన్నాయి.

"ఈయన మా మనిషి," అన్నాను.

"వినిపించలేదు," అంది గైడు.

ఆమె అది కావాలనే అన్నదని ఇప్పటికీ అనుకుంటున్నాను. "ఈయన మా మనిషి!" అని అరిచాను. ఆవిరిలో ఆ మాట ఏడు గుంటల మీదా తిరిగి వచ్చింది. గైడు 31 అని రాసి ముద్ర వేసింది.

మూడో గుంట ఇచ్చారు. ఓదెలును మెట్ల మీద కూర్చోబెట్టి మెడ దాకా దించాను. నీళ్లలోకి నేను దిగకూడదు, దిగితే అవీ నిమిషాలే. గట్టు మీద కూర్చున్నాను. గోడ గడియారం ఎదురుగా ఉంది.

మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని హాయిగా ఉన్నాడు. పన్నెండో నిమిషం నుంచి ఛాతీలో మంట అన్నాడు. పదహారుకు పెదాలు కొరుక్కున్నాడు. ఆవిరిలో అతని ఊపిరి శబ్దం మారడం విన్నాను, ఇసుక తడిసినట్టు. ఇరవై ఒకటో నిమిషం దాటగానే అతను కూడా గడియారం చూశాడు. మెట్టు మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"ఏం చేస్తున్నవయ్యా?"

"అయిపోయినయి. మనవి అయిపోయినయి. ఇగ నడిచేటివి మొగిలియి. వాని నీళ్లు నాకొద్దు."

భుజాలు నీళ్ల పైకి వచ్చాయి. నేను గట్టు మీద బోర్లా పడి, రెండు చేతులతో అతని భుజాలు పట్టుకున్నాను. మోచేతుల దాకా నా చేతులు నీళ్లలో మునిగాయి. గైడు ఈల నోట్లో పెట్టుకోవడం చూశాను. ఊదలేదు. ఎందుకో ఆమెకే తెలియాలి.

"కూసో," అన్నాను. "ఎవ్వనియి కావు. అవి నేను వండినయి. పొద్దుపొద్దున లేచి, మంచు కరగబెట్టి, వాని ముఖం చూసుకుంట వండినయి. ముప్పై రోజులు వండిన. ఆ పది నిమిషాలు నాయి. నువ్వు లేస్తే నాయి మట్టిల పోస్తవు. కూసో!"

"ఇరవై తొమ్మిది రోజులు," అంది ఐలవ్వ వెనక నుంచి.

ఆమెను అక్కడే గుంటలోకి తోయాలనిపించింది. కానీ ఓదెలుకు నవ్వు వచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గుకు వంగి మళ్లీ మెడ దాకా నీళ్లలో కూర్చున్నాడు. ఇక లేవలేదు.

ఇరవై ఎనిమిదో నిమిషానికి మొదటి గడ్డ వచ్చింది, గోరంత, తెల్లగా. తర్వాత ఇంకొకటి. ముప్పైకి ఏడు గడ్డలు గట్టు మీద ఉన్నాయి. నేను వేలితో నొక్కి చూశాను. తడి పిండిలాగా ఉన్నాయి. ముప్పై ఒకటికి గంట కొట్టారు. ఓదెలు తనే మెట్లెక్కాడు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి అతని ఊపిరిని నేను వినలేకపోయాను. చెవి దగ్గర పెట్టి వినవలసి వచ్చింది.

గైడు గడ్డలు లెక్కపెట్టి తన చీటీలో రాసుకుంది. "ఇవి తీసి, గట్టు కడిగి వెళ్లండి. కడగకపోతే రెండు."

"నిమిషాలేవి మేడం, మా దగ్గర? ఇగ దేంట్ల కోస్తరు?" అంది ఐలవ్వ.

"వచ్చే వంతులో," అంది గైడు.

కడిగాను.

బండిలో మొగిలి పక్క సీటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఓదెలు నిద్రపోతున్నాడు. నేను వెనక్కి తిరగలేదు. నుదుటి మీద బూడిద అతను తుడుచుకున్నాడో లేదో నాకు తెలియదు.

నిమిషాలు: వాడినవి 31. మిగిలింది ఏమీ లేదు.

*

దిగిన ఏడు 61, మూడో చలి, 12వ రోజు.

పనులు: నీళ్లు, రెండు బిందెలు. బూడిద ఎత్తడం. గటక. జల్లెడలు, మూడు. ఓదెలు వీపు చరచడం, యాభై దెబ్బలు, చాలన్నాడు. ఐలవ్వ మోకాళ్లు.

తిన్నవాళ్లు: ముగ్గురు. వండింది నలుగురికి.

ఐలవ్వ అన్న లెక్క సరైనదే. ముప్పై అని అరిచాను, పెట్టింది ఇరవై తొమ్మిది. అది లోపల కదులుతూనే ఉంది. పొద్దెక్కాక గిన్నెలో గటక, కారం పెట్టుకుని మొగిలి గది దాకా వెళ్లాను. గొట్టం చివర, వేడి పైపు చేరని చోట ఉంటుంది. తలుపు కొట్టగానే తీశాడు.

"ఏంది చెల్లె?"

"చెల్లె అనకు. పంతొమ్మిదో రోజుది. తిను."

గిన్నె అందుకుని లోపలికి తిరిగాడు. గూట్లో డబ్బా ఉంది, అటువైపు చెయ్యి చాచాడు.

"అటు కాదు. ఇక్కడ కూసో. నా ముందు తిను. మొత్తం."

"సగం మాపటికి..."

"మాపటికి లేదు, రేపటికి లేదు. పెట్టిన పూట పెట్టినంత తినాలె."

గడప మీద కూర్చుని తిన్నాడు. సగం దాకా మామూలుగా తిన్నాడు. ఆ తర్వాత ప్రతి ముద్దకూ ఆగి గిన్నెలోకి చూశాడు, అలవాటు లేని పని చేస్తున్న మనిషిలాగా. నేను నిలబడే ఉన్నాను. చివరి ముద్ద తిని, వేలితో గిన్నె అంచు తుడిచి నాకాడు. గిన్నె తిరిగి ఇస్తూ అడిగాడు.

"ఇగ మనకు మనకు చెల్లినట్టేనా?"

"ఒక పూట బువ్వ చెల్లింది. తక్కినదానికి నా దగ్గర పుస్తకం లేదు," అని వచ్చేశాను.

మొగిలికి బాకీ: ఒక పూట తిండి. ఈ రోజు ఇచ్చాను, దగ్గరుండి తినిపించాను. గిన్నె ఖాళీ. చెల్లు.